ఎండకాలం పేర్లు

మేడ్చల్ దగ్గర
4 మే 2025, ఆదివారం

సిద్దిరాములు బావకు భానుప్రకాశ్ శనార్థులు.

ఇక్కడ చేరినవాళ్లకు మొదట్లో కాగితం, కలం కూడా ఇవ్వరు. ఈ రోజే చేతికి ఇచ్చారు. ఫోన్ మాత్రం మూడు నెలల దాకా లేదు. రాసిన ఉత్తరం ఆఫీసులో చదివిన తర్వాతే పంపుతారట. అందుకే మంచి తెలుగులో రాస్తున్నాను. తిట్లు ఎక్కడెక్కడ పడాలో నువ్వే కలుపుకొని చదువుకో.

నడుము డాక్టర్ దగ్గరికి పోదామని కారెక్కించావు. మా అక్క దారిలో తినడానికి పులిహోర కూడా కట్టింది. నాకు నడుము నొప్పి నిజంగానే ఉంది బావా, అందుకే నమ్మాను. తాగుడు మాన్పించే చోటు అని బోర్డు చదివేసరికి నువ్వు లోపల సంతకం పెడుతున్నావు. డబ్బా మూత కూడా తీయలేదు. వార్డెన్ సారు తిన్నాడో, కుక్కలకు వేశాడో.

మా గదికి కిటికీ ఉంది. కిటికీ అవతల ఇంకో గోడ ఉంది. పొద్దున యోగా, మింగడానికి గోలీలు, ఆ తర్వాత ఒక సారు వచ్చి మనసు గురించి పాఠం చెబుతాడు. సాయంత్రం కాసేపు ప్లాస్టిక్ బంతితో ఆడనిస్తారు. నిన్న నేను బ్యాటు పట్టుకొని ఎడమచేతి వాటంగా నిలబడితే, బంతి వేసే ఆయన ఆగిపోయాడు. చేర్యాలలో బొమ్మలు గీసే ఇంటి మనిషి. చేతులు వణుకుతాయని ఇక్కడికి వచ్చాడు.

"సారూ, అన్నం కుడిచేత్తోనే తిన్నరు గద. గిదేంది?" అన్నాడు.

అప్పుడు మైసయ్య కటింగ్ షాపు కథ చెప్పాల్సి వచ్చింది. నీకు గుర్తుందా? కుర్చీ వెనుక గోడకు అజారుద్దీన్ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఉండేది. నన్ను కుర్చీ మీద పలక వేసి కూర్చోబెట్టి, మెడ తిప్పితే చెవి తెగుతదని మైసయ్య బెదిరించేవాడు. మెడ తిప్పకుండా ఎదురుగా ఉన్న అద్దంలోనే ఆ బొమ్మ చూసేవాణ్ణి. అద్దంలో ఎవరైనా ఎడమచేతివాళ్లే అవుతారని పదేళ్ల పోరనికి ఎవరు చెప్పాలి? గల్లీలో అందరూ అజర్‌ది కుడిచేయి అంటే నేను కొట్లాడాను. "మీరు రేడియోల విన్నరు, నేను కండ్లతోని చూసిన" అన్నాను. తర్వాత టీవీలో చూసి నోరు మూసుకున్నాను గానీ అప్పటికి ఎడమచేయి కుదిరిపోయింది. ఆ ఎడమచేతితోనే జిల్లా జట్టుకు ఆడాను. దాంతోనే బడిలో ఆటల సారునయ్యాను.

గదిలో అందరూ నవ్వారు. ఇక్కడ నవ్వు వినడం అదే మొదలు.

ఇక అసలు మాట. జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. ఆ రోజు నేను గ్రౌండులో లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కరస్పాండెంట్ ముందే చెప్పాడు. నాకు మూడు నెలలు నిండేసరికి జులై వెళ్తుంది. చేర్పించినవాళ్లు సంతకం పెడితే ముందే వదులుతారట. నీ ఒక్క సంతకం. వచ్చే ఉత్తరంలో పంపు.

అవ్వను, అక్కను అడిగానని చెప్పు. కట్టుకున్నదే అయినా వినీత మీద కోపం లేదని మాత్రం చెప్పకు, ఉంది.

నీ బామ్మర్ది,
భాను


సిద్దిపేట
9 మే 2025

భానూ,

నీ ఉత్తరం అందింది. కొంచెం నలిగింది గానీ అక్షరాలన్నీ కనబడుతున్నాయి.

ఇక్కడ ఎండలు గట్టిగా ఉన్నాయి. మధ్యాహ్నం గిరాకి ఉండదు. సాయంత్రం పాల పాకెట్లు, అటుకులు, సబ్బులు కొంచెం పోతాయి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. నీకు నడుముకు వైద్యం జరుగుతోందనే ఆమెకు చెప్పాము. మన ఊరికి రైలు వచ్చింది కదా, రైలెక్కి పోయి కొడుకును చూసి వస్తానంటోంది. "రైలు గక్కడి దాక పోదవ్వా" అని మీ అక్క ఆపుతోంది. తల్లీకొడుకులు వినీత, నిఖిల్ బాగానే ఉన్నారు.

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. నేను నేర్చుకున్న చదువంతా పొట్లాలు కట్టే పేపర్లలోనిదే అని నీకు తెలుసు. నువ్వు అద్దం సంగతి రాశావు కాబట్టి నేనూ గుర్తున్నది రాస్తాను.

ఒంటిపూట బడులు మొదలైన రోజు మధ్యాహ్నం మా దుకాణం మెట్ల మీద పేరు పట్టుడు జరిగేది. క్రికెట్ ఆటగాళ్ల పేర్లలో ఏది ముందు ఎవరు అరిస్తే వారిదే ఆ పేరు. మళ్లీ బడులు తెరిచేదాకా మార్చుకోకూడదు. కపిల్ పేరు పట్టినవాడు పిచ్చి బంతులు వేసినా ఎగిరే వేయాలి. ఒక ఏడాది మన గల్లీ పిల్లగాడు రాజేంద్రప్రసాద్‌కు జ్వరం వచ్చి ఆలస్యంగా వచ్చాడు. పేర్లన్నీ అయిపోయాయి. "మరి నేనెవర్ని?" అని ఏడ్చాడు. నువ్వు "నువ్వు నువ్వే ఉండురా, గంతే" అన్నావు. పాపం, ఆ ఎండకాలమంతా వాడు చిన్నబోయి తిరిగాడు.

నువ్వు అజర్ పేరు పట్టి, చొక్కా కాలరు లేపి, మెడలో తాయెత్తు బదులు నల్లదారం కట్టుకొని వచ్చేవాడివి. అవుట్ అని నేను వేలెత్తితే ఒప్పుకునేవాడివి కాదు. బ్యాటు కడుపులో దాచుకొని గల్లీ నడుమ కూర్చునేవాడివి. మామ వచ్చి నిన్ను ఎత్తి భుజాన వేసుకొని పోయేదాకా ఆట ఆగిపోయేది. భుజం మీద తలకిందులుగా వేలాడుతూ కూడా "తగల్లే, తగల్లే" అని అరిచేవాడివి. గల్లా ముందు ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది.

సంతకం సంగతి తర్వాత రాస్తాను. అక్కడ వాళ్లు చెప్పినట్టు విను. గోలీలు మానకు.

సిద్దిరాములు


మేడ్చల్ దగ్గర
14 మే 2025

బావా,

నీ ఉత్తరం గదిలో మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. మూడోసారికి అర్థమైంది.

అవుటైనా ఒప్పుకోను, మోసుకొని పోవాల్సి వస్తుంది అని కదా నువ్వు చెప్పింది? సూటిగా అనరాదా? మళ్లీ ఆ మాటకు నవ్వు వస్తుందని కూడా రాసినవ్. రావాలె మరి. మా నాయిన లేడు కాబట్టి ఈసారి నువ్వే కారుల వేసుకొని మోసుకొచ్చినవ్.

నువ్వు ఏనాడన్నా బ్యాటు పట్టినవా బావా? పేరు పట్టినవా? గల్లీలో అందరికీ ఒక్కో పేరు ఉంటే నీకు అంపైర్ అనే పేరే ఉండె. గల్లా వెనుక కూసొని వేలెత్తుడు. ఆడేటోనికి తెలుస్తది బంతి తగిలిందో లేదో. చూసేటోనికి ఏం తెలుస్తది? అప్పుడూ వేలెత్తినవ్, ఇప్పుడూ వేలెత్తినవ్. సంతకం తర్వాత రాస్తానంటే ఏంది? థర్డ్ అంపైర్‌ను అడుగుతున్నవా? వినీతనా థర్డ్ అంపైర్?

మంచి తెలుగు అని మొదలుపెట్టి ఇట్లా అయింది. ఆఫీసు సారు చదివితే చదవనీ.

ఇక్కడ పగలు ఎంత పొడుగో నీకు తెలియదు. ఆటల సారును, ఎండలో నిలబడి విజిల్ ఊదే మనిషిని. ఇక్కడ విజిల్ వాళ్లు ఊదుతారు, నేను వరుసలో నిలబడతాను. భోజనానికి విజిల్, స్నానానికి విజిల్. నా విజిల్ బడి అల్మారాలో ఉంది. పన్నెండో తారీఖున దాన్ని ఎవరు మెడలో వేసుకుంటారో అనుకుంటే నోరు ఎండుకపోతుంది.

నిఖిల్ బాగానే ఉన్నాడని ఒక్క ముక్క రాశావు. వాడు ఈ ఎండకాలం ఎవరి పేరు పట్టిండో రాయలేదు. పిల్లలు ఇప్పటికీ మీ మెట్ల మీదనే పడతారు కదా. కోహ్లీనా? వాడికి నా పాత బ్యాటు తీసి ఇవ్వు. మంచం కింద ఉంటుంది. ఎడమచేత్తో నిలబడమను. వాడు నన్ను చూసి అన్నీ నేర్చుకుంటాడు. బూటు లేసు కూడా నా లెక్కనే కడతాడు.

వాడు పట్టిన పేరు రాయి. సంతకం పంపు. వేరే ముచ్చట్లు వద్దు.

భాను


సిద్దిపేట
19 మే 2025

భానూ,

నిన్ను నొప్పించాలని రాయలేదు. నువ్వు నవ్విన ఉత్తరానికి జవాబుగా నవ్వే సంగతి రాయాలనుకున్నాను. రాయడం రానివాడు రాస్తే అలాగే అవుతుంది.

అంపైర్ సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. మా నాయిన పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నేను ఏడో తరగతి. అప్పటి నుంచి గల్లా దగ్గరే ఉన్నాను. పేరు పడితే ఆట అయ్యేదాకా ఉండాలి. నడుమ గిరాకి వస్తే లేచి పోవాలి కదా. అందుకని పట్టలేదు. మన గల్లీలో స్టంపులు దుకాణానికి ఎదురుగా ఉండేవి కాబట్టి కూర్చున్నచోటు నుంచి చూసి చెప్పేవాణ్ణి. అంతకన్నా ఏమీ లేదు. ఇప్పుడూ అదే కుర్చీ. గల్లీలో ఏం జరిగినా నా ఎదురుగానే జరుగుతుంది, చూడకుండా ఉండలేను.

నిఖిల్‌కు బ్యాటు ఇవ్వలేదు. వాడు ఇప్పుడు గల్లీలోకి పోవడం లేదు. ఎండ ఎక్కువ కదా, ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రం మీ అక్క దగ్గర కూర్చుంటాడు, ఉల్లిగడ్డలు ఏరిపెడతాడు.

సంతకం ఎందుకు ఆగిందో ఉత్తరంలో రాసే సంగతి కాదు. నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం. అత్తమ్మ నీకు మామిడి తొక్కు తీసిపెట్టింది. పాత పచ్చడి ఉంది కదా అంటే వినలేదు, ఈ ఏడాది పెట్టినదే తీసింది.

జాగ్రత్త.

సిద్దిరాములు


మేడ్చల్ దగ్గర
24 మే 2025

బావకు,

ఉల్లిగడ్డలు ఏరుతున్నడా? నా కొడుకు?

ఎండకాలం సెలవుల్లో తొమ్మిదేళ్ల పిల్లగాడు గల్లీలోకి పోడంటే నన్ను నమ్మమంటావా? సిద్దిపేటలో ఎండ ఎప్పుడు లేదు? మనం ఆ ఎండలో ఆడలేదా? తారు కరిగి చెప్పులకు అంటుకున్నా ఇంటికి పోయినమా? నన్ను ఇక్కడ గోడల నడుమ పెట్టిన్రు, వాణ్ని అక్కడ మీ దుకాణంల పెట్టిన్రు. మీ నాయిన నిన్ను గల్లా వెనుక కూసోబెట్టిండని నా కొడుకును కూడా కూసోబెడుతవా?

వాడు ఎవరి పేరు పట్టిండని అడిగిన. నువ్వు ఎండ ఎక్కువన్నవ్. నీ గురించి నాకు తెలుసు బావా. అబద్ధం చెప్పవు, కానీ నిజం చెప్పాల్సిన చోట వాన గురించో, ఎండ గురించో చెబుతవ్. నీ ఉత్తరం పేపర్లో వార్త లెక్క ఉంటది. జరిగింది ఉంటది, ఎవరికి జరిగిందో ఉండదు.

నాకు తెలిసిపోయింది. గల్లీలో నా గురించి ఏదో అనుకుంటున్నరు. తాగుబోతు కొడుకని వాణ్ని ఆటలకు రానియ్యడం లేదు. పేరు పట్టనియ్యలేదు. అంతేనా? ఎవడు? ఎవని కొడుకు? అందరికీ నేను ఆటలు నేర్పినవాణ్ణే కదా. వాళ్ల పేర్లు రాయి. వచ్చి నేను మాట్లాడుతా. వస్తే రెండు రోజుల్లో సరిచేస్తా. వాణ్ని గల్లీ నడుమ నిలబెట్టి నేనే బంతులు వేస్తా, ఎవడు వద్దంటడో చూస్తా. అందుకోసమన్నా నన్ను బయటికి తీయి.

నిన్న గోడ దగ్గర బంతి తేవడానికి పోయి కాసేపు అక్కడే నిలబడ్డ. ఎక్కితే ఎక్కవచ్చు. చేర్యాల ఆయన "సారూ, బంతి దొరికిందా" అని గట్టిగా అరిచిండు. ఆయన అరవకుంటే ఏం చేసేవాణ్ణో తెలియదు.

జూన్ అయిదు లోపల సంతకం చేసిన కాగితం రాకపోతే, బావ, బామ్మర్ది అనే మాట మనిద్దరి నడుమ ఇక లేదు. మా అక్క ముఖం చూసి కూడా నీ గడప తొక్కను. ఇది కోపంతో రాయడం లేదు. కోపం పోయాకే రాస్తున్నాను.

భానుప్రకాశ్


సిద్దిపేట
31 మే 2025

భానూ,

కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం చేశాను. ఆఫీసులో చూపిస్తే ఆ రోజే వదులుతారని ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాను. నా బైకు తాళాలు మీ అక్క దగ్గర ఉంచాను, నువ్వు ఫోన్ చేయిస్తే ఎవరైనా వచ్చి తీసుకొస్తారు. ముందు కాగితం సంగతి చెప్పాను, ఎందుకంటే ఇక రాసేది చదివి, కాగితం ఆపడానికి ఇలా రాశానని నువ్వు అనుకోవద్దు.

నిఖిల్‌ను ఎవరూ రానివ్వకపోవడం కాదు. వాడు పేరు పట్టాడు. నీ పేరు పట్టాడు.

ఏప్రిల్ మొదట్లో, ఒంటిపూట బడులప్పుడు. మధ్యాహ్నం పిల్లలు ఆడుతుంటే బంతి ఒక ఇంటి మిద్దె మీద పడింది. ఇంటివాళ్లు లేరు, తాళం వేసి ఉంది. ఆట ఆగిపోయి అందరూ మా మెట్ల మీద కూర్చున్నారు. నేను రామవ్వకు చింతపండు జోకుతున్నాను. అప్పటిదాకా ఎవరెవరు ఎవరో చెప్పుకుంటున్నారు. "నేను బుమ్రా", "నేను సిరాజ్" అంటున్నారు. దీక్షిత అని కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ల బిడ్డ ఉంది. "నేను స్మృతి. ఎవలన్న నవ్విన్రో, చూడున్రి" అంటోంది. ఏమీ తోచక ఒక పిల్లగాడు లేచి, "ఆగున్రి, భాను సార్ వస్తుండు" అని తూలుతూ నడిచాడు. అందరూ నవ్వారు.

నిఖిల్ వాళ్ల నడుమే కూర్చుని ఉన్నాడు. వాడు ఏడుస్తాడనుకొని నేను తక్కెడ కింద పెట్టి లేచాను.

వాడు ఏడవలేదు. లేచి నిలబడి, "గట్ల కాదు. నీకు రాదు. నేను రోజు చూస్త, నేను చేస్త" అన్నాడు.

చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. "ముందుగాల చెప్పులు ఇడుస్తడు, సప్పుడు గావద్దని" అని వాళ్లకు చెప్పాడు. తర్వాత మాట్లాడలేదు. కరెంటు స్తంభం దాకా వచ్చి ఆగాడు. స్తంభాన్ని పట్టుకొని, ఎవరితోనో మాట్లాడినట్టు తల ఊపాడు. అక్కడి నుంచి మీ తలుపు దాకా గోడను తడుముకుంటూ నడిచాడు. తలుపు ముందు చొక్కా సరిచేసుకొని, వెంట్రుకలు దువ్వుకొని, నిటారుగా నిలబడ్డాడు. భానూ, వాడి ముఖంలో నవ్వు లేదు. వెక్కిరింత లేదు. మెడ వంపు నీదే. చేయి నీదే. నువ్వు కాలరు లేపి క్రీజులోకి నడిచి వచ్చినప్పుడు నీ ముఖం ఎంత శ్రద్ధగా ఉండేదో, వాడిది అంత శ్రద్ధగా ఉంది.

రామవ్వ "అచ్చం తండ్రే" అన్నది. ఆమె మురిసిపోయే అన్నది, పాపం, ఏమీ ఆలోచించకుండా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు సెంచరీ కొట్టినవాళ్లు బ్యాటు ఎత్తినట్టు చెప్పులు పైకెత్తి చూపించాడు. అప్పుడే వినీత పాల పాకెట్ కోసం వచ్చింది. అంతా చూసింది. వాడి చేతిలో చెప్పులు తీసుకొని కింద పెట్టి, "తొడుక్కో" అన్నది. పాల పాకెట్ మర్చిపోయి ఇంటికి పోయింది. ఆ రాత్రే మా ఇంటికి వచ్చి నిన్ను ఎక్కడికైనా తీసుకుపొమ్మన్నది. నువ్వు కొట్టావని గానీ, తిట్టావని గానీ ఆమె ఒక్క మాట చెప్పలేదు. "వాడు నేర్చుకున్నడు అన్నా" అని మాత్రం అన్నది.

తర్వాత జరిగింది కూడా రాస్తాను. మర్నాడు వాడు ఆటకు పోతే, "నువ్వు భాను సార్‌వి. పేరు పట్టినవ్ గద, ఇడిస్తె నడువది" అన్నారు. బ్యాటింగ్‌కు వస్తే, "భాను సార్ గట్ల ఆడడు, తూలుకుంట ఆడు" అన్నారు. రెండు రోజులు వాడు అలాగే ఆడాడు. నవ్వుతూనే ఆడాడు. మూడో రోజు మామూలుగా నిలబడితే ఎవరూ బంతి వేయలేదు. దీక్షిత ఒక్కతే "వేయున్రి రా" అన్నది. వాడు బ్యాటు అక్కడే పెట్టి మా దుకాణంలోకి వచ్చాడు. అప్పటి నుంచి పోలేదు. నేను కూర్చోబెట్టలేదు భానూ. వాడే గల్లా వెనుకకు వచ్చి కూర్చున్నాడు. కిందటి ఉత్తరం రాశాక నీ బ్యాటు నేను తీసి ఇచ్చాను. వాడే వద్దన్నాడు.

మొన్న నన్ను అడిగాడు. "మామా, బడులు ఎప్పుడు తెరుస్తరు?"

"పన్నెండుకు బిడ్డా" అన్నాను.

"తెరిస్తే పేరు పోతది గద?"

పోతుందని చెప్పాను. మన ఆట పద్ధతి అదే కదా.

ఇవన్నీ నీకు రాయవద్దని వినీత ఒట్టు పెట్టించుకుంది. నువ్వు అక్కడ ఏమైనా చేసుకుంటావని ఆమెకు భయం. కానీ నువ్వు గోడ గురించి రాశాక, రాయకపోతేనే ఎక్కువ ప్రమాదమని నాకు అనిపించింది. నువ్వు వస్తే నేను వద్దనను. వచ్చాక ఏమవుతుందో చూడగలిగే చోటే నా కుర్చీ ఉంది. అంతకు మించి నాకు ఏమీ తెలియదు.

సిద్దిరాములు


మేడ్చల్ దగ్గర
8 జూన్ 2025

బావా,

నీ ఉత్తరం అయిదో తారీఖునే వచ్చింది. మూడు రోజులు జవాబు రాయడం చేతకాలేదు.

మొదట ఒక్కటే ఆలోచన. వాడు గోడను ఏ చేత్తో పట్టుకున్నాడు? నువ్వు రాయలేదు. మన ఇంటికి వచ్చేటప్పుడు గోడ కుడిపక్కన ఉంటుంది. కాబట్టి కుడిచేయి అయి ఉండాలి. కానీ నాకు తెలియదు బావా. నేను ఎట్లా నడుస్తానో నేను ఎప్పుడూ చూడలేదు. చెప్పులు చేతిలో పట్టుకుంటానని కూడా నాకు తెలియదు. ఎవరికీ వినబడకుండా వస్తున్నానని అనుకునేవాణ్ణి. వాడు మేలుకొని ఉండేవాడన్నమాట. రోజూ.

బడిలో పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. ఎవరి ఆటైనా నేర్చుకోవాలంటే స్కోరు చూడకండి, కాళ్లు చూడండి అని. వాడు కాళ్లే చూశాడు.

కాగితం ఆఫీసులో ఇవ్వలేదు. చింపలేదు కూడా. దిండు కింద ఉంది. ఇంతవరకు తాళం వాళ్ల దగ్గర ఉండేది, వాళ్లను తిట్టుకుంటూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు తాళం నా దిండు కిందనే ఉంది. పొద్దున లేవగానే చేయి పెట్టి చూస్తాను. టిఫిన్ వేళకు పోదామనిపిస్తుంది. మధ్యాహ్నం తప్పకుండా పోవాలనిపిస్తుంది. ఇది ముందుకన్నా కష్టంగా ఉంది బావా, నువ్వు పంపకపోతేనే బాగుండేది. నిన్న గేటు దాకా పోయిన. వాచ్‌మన్ "ఏం గావాలె సారూ" అన్నడు. "ఏం లేదు, టైమెంత" అని అడిగి వచ్చిన.

పన్నెండో తారీఖుకు నేను రాను. నువ్వే బడికి పోయి కరస్పాండెంట్‌కు చెప్పు, ఆటల సారుగా ఇంకొకరిని పెట్టుకొమ్మను. ఎందుకు రాలేదని అడుగుతాడు. నడుము నొప్పి అని చెప్పొద్దు. ఎక్కడున్ననో గదే చెప్పు. అవ్వకు కూడా చెప్పు. ఏడుస్తది. అక్కను పక్కన ఉండమను.

వినీత మీద కోపం ఉందని మొదటి ఉత్తరంలో రాశాను. అది ఆమెకు చెప్పి ఉండకపోతే ఇక చెప్పకు.

బడులు తెరిస్తే పేరు పోతదని నువ్వు వానికి చెప్పినవ్. మన ఆటలో పోయేది. ఇది పోతుందో లేదో నేను చెప్పలేను. అజర్ పేరు పోయినంక కూడా నా ఎడమచేయి పోలేదు కదా.

ఇక్కడ నెలాఖరు ఆదివారాలు ఇంటివాళ్లను రానిస్తారు. నిఖిల్‌ను తీసుకురావాలని నీకు అనిపిస్తది. ఈ నెల తీసుకురాకు. గోలీలకు నా కాళ్లు ఇంకా కుదురుగా లేవు. తాగకపోయినా తూలు వస్తోంది. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. నేను గది నుంచి గేటు దాకా నడిచి వస్తుంటే వాడు గేటు దగ్గర నిలబడి చూస్తాడు. వాడు ఎట్లా చూస్తాడో ఇప్పుడు నాకు తెలుసు. పొద్దున యోగా అయ్యాక ఆవరణ చుట్టూ నడుస్తున్నాను. చేర్యాల ఆయన వెనుక నిలబడి, "సారూ, కుడిదిక్కు పోతున్నవ్, కుడిదిక్కు పోతున్నవ్" అని చెబుతున్నాడు. ఆయనకు గీత వంకర పోతే తెలుస్తుంది. వంకర లేదని ఆయన అన్న రోజు నీకు రాస్తాను. అప్పుడు తీసుకురా.

అప్పటిదాకా ఇంట్ల గానీ గల్లీల గానీ వాడు నా లెక్క నడిస్తే ఎవ్వరూ కొట్టొద్దు బావా, తిట్టొద్దు. వాడు చూసిన నడక గదొక్కటే.

భాను